పది చుట్ల టేపు, ఒక ఆయిల్ ముల్లు

ఈ కాగితాల మీద ఉన్న ప్రతి మాటా నిజం. ఇరవై ఏళ్లుగా నా అరచేతిలో అరిగి మెరుస్తున్న పదిహేడో నంబరు పానా మీద ఒట్టు. ఈ పానాతో నేను దించిన బోరు మోటార్లన్నిటి మీదా ఒట్టు. ఇంకా అనుమానముంటే మా ఆవిడ మీద కూడా వేస్తాను. ఈ పూట ఆమె ఇంట్లో లేదు కాబట్టి ధైర్యంగానే వేస్తాను.

ఇంతకుముందు నేను చెప్పినవాటితో దీన్ని కలపకండి. కారేపల్లి దగ్గర ఆరువందల అడుగుల బోరులోంచి మోటారు పైకి లాగితే దాని జాలీకి అడ్డంగా బతికున్న కొర్రమీను దొరికిందని, ఎండ తగలగానే అది రెండు కళ్లూ మూసుకుందని ఒకప్పుడు చెప్పాను. ఆ చేప నోటి నుంచి నోటికి ఈదుకుంటూ వైరా దాకా పోయింది. అక్కడ ఒక రైతు నా కథను నాకే తిరిగి చెప్పేసరికి అది రెండు మూరలైంది. ఆ చేపను అక్కడే వదిలేద్దాం. ఇది కారుకు ఆయిల్ ప్రెషర్ మీటరు బిగించిన సంగతి. ఇందులో చేపలు లేవు.

మాది కొత్తగూడెం. గని కార్మికుల క్వార్టర్లు దాటాక రోడ్డు పక్కన నా షెడ్డు, షెడ్డు వెనక ఇల్లు. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం, వాటిని మళ్లీ చేలల్లో దించడం నా పని. మా ఆవిడ సర్కారు బడిలో సైన్సు చెబుతుంది. భద్రాచలం రోడ్డు మీద కొంత దూరం పోయి, మలుపు తిరిగి, అడవిలోకి పన్నెండు కిలోమీటర్లు పోతే ఆమె బడి ఉన్న గూడెం వస్తుంది. ఆ పన్నెండు కిలోమీటర్లలో ఫోను పనిచేయదు. టేకు చెట్లు, ఒక ఫారెస్టు చెక్‌పోస్టు, అప్పుడప్పుడూ ఎదురొచ్చే మేకల మంద, అంతే. మా పాత డీజిలు కారును ఆమే నడుపుకుంటూ పోయి వస్తుంది. డ్రైవింగు నేనే నేర్పాను. నా దగ్గర ఆమె నేర్చుకున్నవి రెండు: గేర్లు మార్చడం, నా మాట నమ్మకపోవడం.

ఆవిడది సత్తుపల్లి వైపు. మామూలు రోజుల్లో నన్ను ‘నువ్వు’ అనే అంటుంది. కోపం వస్తే మాత్రం పుట్టింటి మర్యాద తిరిగొచ్చి ‘మీరు’, ‘అండీ’ మొదలవుతాయి. అండీలు ఎక్కువయ్యే కొద్దీ నేను షెడ్డులోకి జరుగుతాను. పాతికేళ్ల కాపురంలో నేను చదవడం నేర్చుకున్న మొదటి మీటరు అదే.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం ఆమె ఇంటికి రాగానే చెప్పింది. చెక్‌పోస్టు దగ్గర గేటు ఎత్తేదాకా బండి ఆపి ఉంచితే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు ఒకటి వెలిగి ఆరి, వెలిగి ఆరిందట. ఏ లైటని అడిగాను. ముక్కున్న చెంబు బొమ్మ, ముక్కు చివర ఒక చుక్క, అంది. అది ఆయిల్ లైటు. అది వెలిగితే బండి ఆపాలని నాకు తెలుసు. అయినా నా నోరు ఊరుకోలేదు. ఈ రోడ్డు మీద తిరిగే ఒక ఫారెస్టు జీపులో ఆ లైటు ఐదేళ్లుగా ఆరలేదనీ, దాని వెలుతురులోనే ఆ డ్రైవరు రాత్రుళ్లు బీడీ వెతుక్కుంటాడనీ చెప్పాను. మర్నాడు ఆమె చెక్‌పోస్టులో అడిగింది. అలాంటి జీపేదీ లేదన్నారు.

ఆ సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా షెడ్డు ముందు నిలబడింది.

“బడి పక్కన ఒక గది ఖాళీగా ఉంది. గూడెం పెద్దాయన చూపించాడు. ఈ బండి సంగతి పదిరోజుల్లో తేలకపోతే ఒకటో తారీకు నుంచి అక్కడే ఉంటాను. శనివారాలు వస్తాను.”

“నేను చూస్త గద, బండికేం కాలేదు.”

“మీరు చెబితే కాదండీ. బండి చెప్పాలి.”

శనివారాలు వస్తుందంటే మిగతా ఐదు సాయంత్రాలు రాదని. మా సాయంత్రాలు ఎలా ఉంటాయో చెప్పాలి. ఆమె కత్తిపీట ముందు కూర్చుంటుంది, నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ రోజు ఏ చేలో ఏ మోటారు ఏం చేసిందో చెబుతాను. ఆమె తలెత్తకుండా కూరగాయలు తరుగుతూ వింటుంది. కథలో నిజం ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడ ఆమె చెయ్యి ఆగుతుంది. వంకాయ సగం తెగి ఉంటుంది. నేను కొంచెం వెనక్కి వచ్చి కథను సర్దుకుంటాను, చెయ్యి మళ్లీ కదులుతుంది. పాతికేళ్లుగా నేను చెప్పుకున్నదంతా ఆ చేతి కోసమే. అది ఇక వారానికి రెండు సాయంత్రాలే దొరుకుతుంది.

మా షెడ్డుకు నాలుగిళ్ల అవతల ఒక కార్ల మెకానిక్కు ఉన్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, దాని కొన ఇంజను మీద పెట్టి, దవాఖానాలో డాక్టరు విన్నట్టు విన్నాడు. తర్వాత నాతో అన్నాడు.

“లైటొక్కటి చూసి చెప్పలేమన్నా. దానికి కబురు పంపే స్విచ్చన్న ఖరాబై ఉండాలె, లేకుంటే లోపల బేరింగులు అరిగి నిజంగనే ప్రెషర్ పడిపోతుండాలె. మొదటిదైతే చిన్న పని. రెండోదైతే ఇంజను విప్పుడే.”

ఏది నిజమో ఎట్ల తెలుస్తుందని అడిగాను. మీటరు పెడితే తెలుస్తుందన్నాడు. ఇంజను వేడెక్కాక, బండి నిలిపి ఇంజనును ఊరికే తిరగనిచ్చినప్పుడు కూడా ముల్లు ఒకటి మీద నిలబడితే బండి గట్టిదే, సున్నా మీద పడితే ఆశ వదులుకోవాలన్నాడు. తెచ్చిస్తే తనే బిగిస్తానన్నాడు కూడా. ఆ మాట నాకు నచ్చలేదు. భూమిలోకి ఆరువందల అడుగులు మోటారు దించేవాడికి కారు బానెట్ కింద జానెడు లోతులో మీటరు బిగించడం ఎవరో నేర్పాలా?

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆయిల్‌కు ప్రెషర్ ఉంటుందనే నాకు తోచలేదు. నూనె పోస్తాం, అది లోపల ఉంటుంది, నల్లబడితే మారుస్తాం. అంతే కదా అనుకున్నాను. మెకానిక్కును కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. ఇంజను అడుగున ఒక తొట్టి ఉంటుంది, ఆయిల్ అక్కడికి దిగుతుంది. ఒక చిన్న పంపు దాన్ని పైకి లాగి, ఇనుములో తొలిచిన సన్నటి దారుల్లోంచి తిరిగే ప్రతి భాగానికీ తోస్తుంది. పంపు తోయకపోతే ఇనుము ఇనుముతో రాసుకుని కరుచుకుపోతుంది.

నేను విన్నది నాకే నమ్మబుద్ధి కాలేదు. అడుగున నీళ్లు, మధ్యలో పంపు, పైన పొలం. అంటే ప్రతి కారు కడుపులోనూ ఒక చిన్న బోరు ఉందన్నమాట. ఇన్నేళ్లూ ఆ బోరు పక్కనే కూర్చుని, దాని మీద నుంచే నడుపుకుంటూ, ఊరూరా బోర్లు బాగుచేయడానికి పోయాను. ఆ రోజు రోడ్డు మీద పోయే ప్రతి బండినీ ఆగి చూశాను. దీని బోరులో నీళ్లెంత ఉన్నాయో, దాని బోరు ఎప్పుడు ఎండిపోతుందో!

ఖమ్మం పోయి మీటరు కొన్నాను. అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా, నల్లటి ముఖం, సున్నా నుంచి పది దాకా తెల్లటి అంకెలు, నారింజ రంగు ముల్లు. దాంతోపాటు సున్నపు డబ్బా అంత సెన్సారు, మూడు నోళ్ల ఇత్తడి టీ జాయింటు ఒకటి. లారీకా ట్రాక్టరుకా అని కొట్టతను అడిగాడు. మా ఆవిడకు అన్నాను.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. ఆమె గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక కన్ను ఇటు వేసింది. పాత స్విచ్చు ఆయిల్ ఫిల్టరు పక్కన, చెయ్యి దూరీ దూరని సందులో ఉంది. పదిహేడో నంబరు పానా సరిగ్గా అక్కడ కూర్చుంది. స్విచ్చు ఊడదీస్తే ఆ రంధ్రంలోంచి రెండు చుక్కలు నల్లటి ఆయిల్ జారింది. అందులో వేలు పెట్టి చూశాను. లోపల బోరుందని తెలిసినవాడు వేలు పెట్టకుండా ఎలా ఉంటాడు? ఆ రంధ్రంలో టీ జాయింటు బిగించాలి, టీకి ఒక చెవిన పాత స్విచ్చు, రెండో చెవిన కొత్త సెన్సారు. సెన్సారు నుంచి ఒక తీగ, గేరు వైర్లు లోపలికి పోయే రబ్బరు బిళ్ళలోంచి దూరి, డ్యాష్‌బోర్డు మీదున్న మీటరుకు చేరాలి. మీటరు నిలబెట్టడానికి బోరు స్టార్టరు పెట్టెలో వాడే క్లాంపు వాడాను.

బిగించే ముందు జేబులోంచి తెల్ల టేపు తీశాను. కొళాయిలకు చుట్టే టేపే. మా వైపు నీళ్లన్నీ పైపుల్లోనే నడుస్తాయి. బోరు పైపు, డ్రిప్పు పైపు, మందు కొట్టే పంపు, మిద్దె మీది ట్యాంకు, ఎక్కడ మర కనిపించినా టేపు చుట్టకుండా బిగించం. చుట్టకుండా బిగించినవాడిని రైతు మళ్లీ పిలవడు. చిన్న కొళాయికి నాలుగు చుట్లు, బోరుకు పది. ఇదీ బోరే కదా అని టీకి పది, స్విచ్చుకు పది, సెన్సారుకు పది చుట్టాను. మూడూ చిన్న పత్తికాయల్లా తయారయ్యాయి.

“ఆ తెల్లదేంటి?” అంది ఆమె.

“టేపు. చుక్క కారదు.”

“డబ్బాలో కాగితం ఉంది కదా. అందులో చుట్టమని రాసిందా?”

కాగితం మీద నా టీ గ్లాసు ఉంది. కాగితం చదివి బిగించేవాణ్ణి ఫిట్టరని ఎవరంటారని అడిగాను. ఆమె ఎవరి పేపరుకో ఎర్ర సిరాతో సున్నా పెట్టింది. అది ఆ పిల్లవాడి కోసమే అనుకున్నాను.

తాళం తిప్పి ఒక్క ఊపులో స్టార్టు చేశాను. ముల్లు లేచింది. లేచి, పాకుతూ కాదు, ఎవరో పిలిచినట్టు నేరుగా పది దగ్గరికి పోయి నిలబడింది. ఇంజను వేడెక్కింది, ఐనా పదే. గేరు వేయకుండా పావుగంట ఇంజను తిరగనిచ్చాను, పదే. ఎర్ర చెంబు ఒక్కసారి కూడా వెలగలేదు. మెకానిక్కుకు ఫోను చేసి చెప్పాను. చల్లటి ఇంజను ఐదు చూపిస్తదేమో గని పది ఏందన్నా అన్నాడు. మనది అసలు సరుకు తమ్మీ అన్నాను.

సోమవారం ఆమె పోయి వచ్చింది. మలుపు దగ్గర రోజూ ఎక్కే బడి వంటామె ఆ ముల్లును చూసి ఇదేంటని అడిగిందట. ఆమె కోయామె. తెల్లవారకముందే అడవిలో ఏరిన ఉసిరికాయల గంప ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటుంది. ఇంజను పనిచేస్తుంటే ఈ ముల్లు లేచి దాని బలం చూపిస్తుందని మా ఆవిడ చెప్పిందట. చెక్‌పోస్టు దగ్గర కూడా పదే, లైటు లేదు, అని నాకు చెప్పేటప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది. మంగళవారం అదే, బుధవారం అదే. బుధవారం ఆమె గూడెం పెద్దాయనతో గది వద్దని చెప్పేసి వచ్చింది.

ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతూ వైరా దగ్గర ఒక మోటారు మాట్లాడిన కథ ఆగకుండా వింది. నాకు సంతోషమే, కానీ లోపల ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. పాతికేళ్లు నేను సంపాదించలేని నమ్మకం ఆ డబ్బా నాలుగు రోజుల్లో సంపాదించింది.

గురువారం సాయంత్రం ఆమె వంటలో ఉంది. నాకు ఒక సందేహం తొలుస్తోంది. ముల్లు సున్నా నుంచి పదికి ఎలా ఎక్కుతుంది? ఆదివారం నేను ఒక్క ఊపులో స్టార్టు చేశాను కాబట్టి ఎక్కడం సరిగా చూడలేదు. ఈసారి నిదానంగా చూద్దామని కార్లో కూర్చుని తాళం ఒక్క మెట్టు తిప్పాను. ఇంజను ఇంకా లేవలేదు. ముల్లు మాత్రం పది దగ్గరికి పోయి నిలబడింది.

తాళం తీశాను. మళ్లీ తిప్పాను. మళ్లీ పది.

మొదట ముల్లు తరఫున నేనే సాకులు వెతికాను. బోరు ఆపినా ఫుట్ వాల్వు గట్టిదైతే పైపులో నీళ్లు నిలిచే ఉంటాయి, ఇక్కడా అలాగే ప్రెషర్ నిలిచి ఉంటుందేమో అనుకున్నాను. కానీ బండి ఆపి గంట గడిచింది, అలాగైతే కొంతైనా తగ్గాలి. బానెట్ ఎత్తి సెన్సారు తీగ పీకేశాను. పదే. ఆ తీగ కొసను ఇంజను ఇనుముకు ఆనించాను. ముల్లు దబ్బున సున్నా మీద పడింది. తీగను మళ్లీ సెన్సారుకు తగిలించి, వేరే తీగ ముక్కతో సెన్సారు ఒంటినీ బ్యాటరీ మైనస్‌నూ కలిపాను. ముల్లు సున్నా మీదే పడుకుంది. పాత స్విచ్చు ఒంటిని అలాగే కలిపితే ఎర్ర చెంబు వెలిగింది.

అప్పుడు అర్థమైంది. సెన్సారు లోపలికి వచ్చిన కరెంటు ఇంజను ఇనుములోంచే వెనక్కి పోవాలి. ఆ దారి మర దగ్గరే ఉంది. అక్కడ నేను పది చుట్ల గోడ కట్టాను. దారి మూసుకుపోయిన మీటరు పది చూపించి ఊరుకుంటుంది. పాత స్విచ్చుకూ అదే గతి పట్టింది. ఇంజనులో ఆయిల్ లేకపోయినా అది ఇక ఎర్ర లైటు వెలిగించలేదు. అంతకుముందు బండికి ఒక్క అనుమానపు లైటైనా ఉండేది. ఇప్పుడు నిజం చెప్పేది ఒక్కటీ లేదు. నాలుగు రోజులుగా ఆమె ఏ మీటరూ లేని బండిలో, మీటరుందనే ధైర్యంతో, ఫోను పనిచేయని అడవిలో పోయి వస్తోంది.

టేపు తీసేయడం అరగంట పని. పానా చేతిలోనే ఉంది. కానీ టేపు తీస్తే ముల్లు నిజం చెబుతుంది, ఆ నిజం ఏమిటో నాకు తెలియదు. ఒకటి మీద నిలబడితే సరే. సున్నా మీద పడితే ఇంజను విప్పాలి, గది మళ్లీ మాట్లాడుకోవాలి, సాయంత్రాలు పోతాయి. నేను బానెట్ నెమ్మదిగా దించాను, చప్పుడు కాకుండా.

శుక్రవారం పొద్దున ఆమె బ్యాగు భుజాన వేసుకుని తాళం చేతిలోకి తీసుకోగానే గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

“టీచరమ్మా, ఆగు. ఆ ముల్లు అబద్ధం చెప్తున్నది.”

“ముల్లు కూడానా?”

“నిజం చెప్తున్న.”

“ఏ నిజం? కొర్రమీను నిజమా?”

నాకు ఏదో ఊరు పోవడానికి కారు కావాల్సి వచ్చి ఈ కథ అల్లానని ఆమె అనుకుంది. తాళం తీసుకుని, తలుపు తెరిచి, ఒక్క మెట్టు తిప్పి పక్కకు జరిగాను. ఇంజను మూగగా ఉంది, ముల్లు పది మీద ఉంది. ఆమె సైన్సు టీచరు. పంపు తిరగకుండా ప్రెషర్ ఎక్కడిది అని తనలో తాను అనుకున్నట్టు అని, బ్యాగు దించి, బడికి ఫోను చేసి సెలవు చెప్పింది. కొంగు నడుముకు చుట్టి నా పక్కన నిలబడింది. మూడు మరలూ ఊడదీశాం. టేపు పోగులు మరల్లో ఇరుక్కుపోతే ఆమె తల్లోంచి పిన్ను తీసి ఒక్కో పోగూ లాగింది. వట్టి ఇత్తడి, వట్టి ఇనుము కలిసేలా మళ్లీ బిగించాం. స్టార్టు చేస్తే ముల్లు ఐదు దగ్గర ఆగింది. వేడెక్కే కొద్దీ నాలుగు, మూడు, రెండు. ఇంజనును ఊరికే తిరగనిస్తే ఒకటికి దిగి, ఇక దిగలేదు. ఎర్ర లైటు మాత్రం మిణుకుమంది. అంటే బండి గట్టిదే, పాత స్విచ్చు చెడింది. మెకానిక్కు వచ్చి చూసి అదే అన్నాడు. నువ్వు చెప్పకపోతే ఇవాళ కూడా అలాగే పోయేదాన్ని అంది ఆమె, నా భుజం మీద నల్లటి చెయ్యి వేసి. ఆ మరక చొక్కా మీద ఇంకా ఉంది.

ఇక్కడ ఆపితే నాకు బాగుంటుంది. కానీ ఒట్టేశాను కాబట్టి చెప్పాలి. పైన రాసినదాంట్లో శుక్రవారం పొద్దున నేను కల్పించాను. నేను గేటుకు అడ్డం నిలబడలేదు. ఆమెకు ఏమీ చెప్పలేదు. భుజం మీద చెయ్యి లేదు, చొక్కా మీద మరక లేదు. మిగతా అంతా జరిగిందే.

ఆ పొద్దున నేను చేసిందిది. కారు అద్దం తుడిచాను. నీళ్ల సీసా అందించాను. నిదానంగ పో అన్నాను. నేను రోజూ అనే మాట కాదది. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాను. కారు క్వార్టర్ల మలుపు దాటేదాకా చూసి షెడ్డులోకి వచ్చాను. ఆ రోజు ఒక్క మోటారుకు కూడా తీగ చుట్టలేదు. చుట్లు లెక్కపెడితే పది దగ్గర ఆగిపోతోంది.

సంగతి కనిపెట్టింది వంటామె. బడి వదిలాక మా ఆవిడ కారు అద్దాలు దించడానికి తాళం ఒక్క మెట్టు తిప్పి, అలాగే వదిలి, ఆఫీసు గదికి తాళం వేయడానికి పోయింది. ముందు సీట్లో గంప పెట్టుకుని కూర్చున్న వంటామె ముల్లును చూస్తూ ఉంది. ఈమె రాగానే అడిగింది.

“బండి ఇంకా లేవలేదు గద టీచరమ్మా, ఇదెందుకు లేచి నిలబడ్డది?”

మా ఆవిడకు ఒక్క ప్రశ్న చాలు. కానీ చేయగలిగింది లేదు. ఆ బండిలోనే పన్నెండు కిలోమీటర్లు అద్దాలు దించుకుని, ఇంజను చప్పుడు వింటూ నడిపింది. వంటామె తన మలుపు దగ్గర దిగలేదు. ఇల్లు చేరేదాకా పక్కనే కూర్చుంటానందట.

నేను నాలుగింటి నుంచీ రోడ్డు మీదే ఉన్నాను. కారు కనిపించగానే పోయి గేటు తీశాను. ఆమె ఇంజను ఆపింది. తాళం మళ్లీ ఒక్క మెట్టు తిప్పింది. దిగకుండానే నన్ను అడిగింది.

“ఇది మీకెప్పుడు తెలిసిందండీ?”

ఒక మంచి కథ నోటిదాకా వచ్చింది. అందులో ఒక ఉడుత కూడా ఉంది. వంటామె నన్ను చూస్తోంది.

“నిన్న,” అన్నాను.

“నిన్న ఎప్పుడు?”

“నువ్వు వంటల ఉన్నప్పుడు.”

ఆమె కారు దిగింది. వంటామెకు మంచినీళ్లిచ్చి, బస్సు ఎక్కించి వచ్చింది. శనివారం సెలవు పెట్టింది. పిన్నుతో టేపు పోగులు లాగింది నిజం, ముల్లు ఒకటి మీద నిలబడింది నిజం. కాకపోతే నేను పక్కన లేను. పానా అడిగి తీసుకుని తనే చేసింది. నేను గుమ్మంలో కూర్చుని, డబ్బాలోని కాగితం చదివాను. మొదటి వరుసలోనే ఉంది, మరలకు ఏమీ చుట్టరాదని.

సోమవారం ఆమె గది మళ్లీ మాట్లాడుకుని వచ్చింది. బండి బాగనే ఉన్నది గద అన్నాను. బాగానే ఉంది, ఇక్కడ దాని సంగతి కాదు అంది. ఒకటో తారీకున రెండు గిన్నెలు, పరుపు, ఆ కత్తిపీట కార్లో పెట్టుకుని పోయింది.

ఇప్పుడు శనివారం సాయంత్రం వస్తుంది, సోమవారం పొద్దున పోతుంది. పోయే ముందు తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగుతుంది. ముల్లు సున్నా మీద ఉందా, ఎర్ర లైటు వెలిగిందా చూస్తుంది. నేను కారు కిటికీ దగ్గర నిలబడి, ఆమె అడగకముందే, ఆ వారం ఏం దాచానో చెప్పేస్తాను. ఎక్కువగా చిన్నవే ఉంటాయి. ఒక మోటారుకు పాత తీగే చుట్టాననో, ఆమె పంపిన మందులు వేసుకోలేదనో.

మొన్న సోమవారం, ఈ వారం దాచింది ఏమీ లేదన్నాను. అది నిజం. ఆమె చెయ్యి తాళం మీదే ఆగింది. మీటరును చూసినంతసేపు నా ముఖాన్ని చూసింది. తర్వాత స్టార్టు చేసింది.